మోకాలి వెనుక కొట్టుకునే వాపు

మోకాలి నొప్పి అనగానే "ఫ్లోరైడ్ నీళ్లు" అనో, "వాతం" అనో సరిపెట్టుకోవడం మనకు అలవాటు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ మాట చాలాసార్లు నిజమే. కానీ కాలి బాధలన్నీ ఎముకలవి కావు. మోకాలి వెనుక గుంటలో వాపు ఉండి, చెయ్యి పెడితే నాడిలా కొట్టుకుంటుంటే అది ధమని ఉబ్బు కావచ్చు. దీనినే వైద్యులు ‘పాప్లిటియల్ ఎన్యూరిజం’ అంటారు.

ఎందుకు ప్రమాదం?

60 ఏళ్లు దాటిన మగవారిలో, ముఖ్యంగా బీడీ, చుట్ట తాగేవారిలో, రక్తపోటు ఉన్నవారిలో ఇది ఎక్కువ. బలహీనపడిన ధమని గోడ పాత సైకిల్ ట్యూబులా ఒకచోట ఉబ్బుతుంది. ఇది పగలడం అరుదు. లోపల రక్తం గడ్డకట్టడమే అసలు ప్రమాదం. ఆ గడ్డ దారి మూసేస్తే పాదం చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కి, భరించలేని నొప్పి వస్తుంది. సుమారు 6 గంటలు దాటితే కాలు దక్కడం కష్టం. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. అందుకే ముందుగా గుర్తించడం ముఖ్యం.

ఎలా తెలుస్తుంది?

డాప్లర్ స్కాన్‌తో నొప్పి లేకుండా తెలుస్తుంది. ఉబ్బు 2 సెంటీమీటర్లకు చేరినా, లోపల గడ్డ కనిపించినా ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. దాదాపు సగం మందికి రెండో కాలిలోనూ ఉంటుంది. పొట్టలోని పెద్ద ధమనిలోనూ ఉండవచ్చు. కాబట్టి ఆ రెండూ చూపించుకోవాలి.

చికిత్స ఏమిటి?

1785లో లండన్‌లో జాన్ హంటర్ అనే సర్జన్ ఒక బండి తోలేవాడికి తొడలోని ధమనిని కట్టివేసి కాలు నిలిపారు. చుట్టూ ఉన్న చిన్న నాళాలే పాదానికి రక్తం అందించాయి. నేడు రోగి తొడ నుంచే సిరను తీసి, రక్తానికి కొత్త దారి వేసి, ఉబ్బును పైనా కిందా కట్టివేస్తారు. కొందరికి స్టెంట్ సరిపోతుంది. హైదరాబాద్‌ నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్స విభాగం ఉంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తొలి జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం మీకు వర్తిస్తుందేమో ఆసుపత్రిలో అడగండి.

గుర్తుంచుకోండి

• కొట్టుకునే వాపును మర్దన చేయించవద్దు, కోయించవద్దు.
• బీడీ, చుట్ట మానండి.
• పాదం హఠాత్తుగా చల్లబడితే కాపడం పెడుతూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.