ఇంటికి పైసలు చేరాలి

స్వాహిలీ భాషలో డబ్బును ‘పెసా’ అంటారు. మన ‘పైసా’యే అరేబియా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా రేవుల్లో ఆ రూపం దాల్చింది. ఆ పేరుతోనే కెన్యాలో 2007 మార్చిలో ‘ఎం-పెసా’ మొదలైంది. సెల్‌ఫోన్ ద్వారా డబ్బు పంపే పద్ధతి అది. దుకాణం నడిపే మన సోదరులు దాని పుట్టుకను తెలుసుకోవడం మంచిదని మేము తలుస్తున్నాం.

నిజానికి దాన్ని తలపెట్టింది అప్పుల వసూలు కోసం. చిన్న వ్యాపారులు తమ వాయిదాలను ఫోన్‌తో కడతారని వొడాఫోన్, సఫారీకామ్ సంస్థలు ఆశించాయి. 2005లో ఫౌలు అనే రుణసంస్థ ఖాతాదారులు కొన్ని వందల మందికి ఫోన్లిచ్చి ప్రయోగం ప్రారంభించాయి.

జనం మాత్రం తమ అవసరం తాము చూసుకున్నారు. ప్రయాణమయ్యేవారు నగదును బయలుదేరే చోట ఏజెంటుకు అప్పగించి, దిగిన చోట మరో ఏజెంటు దగ్గర తీసుకున్నారు. బ్యాంకు మూసేశాక చేతికొచ్చిన గల్లా సొమ్మును కొందరు రాత్రికి ఫోన్‌లోనే దాచుకున్నారు. పల్లెలోని బంధువులకు రీఛార్జి పంపి, దాన్నే డబ్బుగా వాడుకోమన్నవారూ ఉన్నారు! అటు రుణసంస్థకేమో లెక్కలు సరిచూసుకోవడమే పెద్ద తలనొప్పి అయింది.

‘ఇచ్చింది ఇందుకు కాదు’ అని నిర్వాహకులు కోప్పడలేదు. అది మెచ్చుకోదగిన సంగతి. వాయిదాల ఊసు పక్కనబెట్టి, ‘ఇంటికి డబ్బు పంపండి’ అన్న ఒక్క మాటతో దేశమంతటా ప్రవేశపెట్టారు.

పట్నంలో కూలి చేసుకునే మనిషి అసలు దిగులు అదే మరి. అంతకుముందు బస్సు వాళ్ళ చేతికో, ఊరెళ్ళే స్నేహితుడి చేతికో కవరిచ్చి, అందిందన్న కబురు కోసం కాచుకునేవాడు. గల్ఫ్‌కు మనిషిని పంపిన మన ఇళ్ళకు ఈ ఎదురుచూపు కొత్త కాదు. జెద్దా నుంచి సెలవు మీద వచ్చినవారు తీరిక చేసుకుని మన గడప తొక్కేదాకా కిరాణా కొట్టులో ఖాతా పెరుగుతూనే ఉండేది. అమానత్ మోసేవాడు ఎంత నమ్మకస్తుడైనా దారి దారే కదా!

మన బజార్లలో గిరాకీ అడిగిన వస్తువు లేకపోతే ‘లేదు’ అనడంతో బేరం ముగుస్తుంది. ‘ఏ పనికి భాయ్?’ అని అడిగేవారు అరుదు.

ఇంతకీ అప్పు మాట అంతటితో పోలేదు. 2012లో ‘ఎం-ష్వారీ’ పేరుతో అదే ఫోన్‌లోకి పొదుపుతోపాటు తిరిగొచ్చింది. నెల రోజుల అప్పుకు 7.5 శాతం తీసుకున్నారు. దానికి రుసుమని పేరు పెట్టారు. మేమైతే దాన్ని సూద్ అనే అంటాం.