పాత పేజీకి కొత్త చుట్టరికం

1986 ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. అక్కడ నమోదైన వరదల్లో ఇప్పటికీ అదే పెద్దది. 2022 జులైలో నది మళ్ళీ ఉప్పొంగి 71.3 అడుగుల దాకా వచ్చింది. ఒక తెలుగు వెబ్‌సైటులో 1986 వరద గురించి 2010లో రాసిన వ్యాసం ఉందనుకుందాం. అది రాసేనాటికి రెండో వరద ఊసే లేదు. అయినా ఇవాళ ఆ వ్యాసం తెరిచినవాళ్ళకు చివర్లో ‘ఇవి కూడా చదవండి’ అన్న పెట్టెలో 2022 నాటి వార్త కనిపిస్తుంది. రాసిన నాటి నుంచి ఆ పాత పేజీని ఎవరూ ముట్టుకోలేదు. రాసిన విలేఖరి ఆ సంస్థలోనే లేకపోవచ్చు. మరి కొత్త వార్త సంగతి పాత పేజీకి ఎవరు చెప్పారు?

ఆ చిన్న పెట్టె వెనక నూరేళ్ళు దాటిన ప్రయత్నం ఉంది. అందులో రెండు పెద్ద మలుపులు చిన్న దేశమైన బెల్జియంలోనే జరిగాయి.

మొదటిది బ్రస్సెల్స్‌లో. 1895లో పాల్ ఓట్లే, ఆన్రీ లా ఫోంటేన్ అనే ఇద్దరు న్యాయవాదులు ప్రపంచంలో అచ్చయిన ప్రతి రచనకూ ఒక కార్డు రాసి పెట్టాలని సంకల్పించారు. లా ఫోంటేన్ తర్వాతి కాలంలో, 1913లో, నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. చెక్క సొరుగుల్లో పేర్చిన ఆ కార్డులు చివరికి కోటీ ఇరవై లక్షలు దాటాయి. కార్డులు రాయడం కన్నా వాటిని ఎక్కడ పెట్టాలన్నదే పెద్ద చిక్కు. కళల్లో నీతి గురించి రాసిన పుస్తకం ఉందంటే దాని కార్డు కళల సొరుగులో ఉండాలా, నీతిశాస్త్రం సొరుగులోనా? మెల్విల్ డ్యూయీ 1876లో ప్రచురించిన దశాంశ వర్గీకరణలో ఒక పుస్తకానికి ఒకటే చోటు. ఓట్లే దాన్ని విస్తరిస్తూ రెండు విషయాల అంకెల మధ్య రెండు చుక్కలు పెట్టాడు. 17 నీతిశాస్త్రం, 7 కళలు. 17:7 అంటే ఆ రెంటికీ ఉన్న సంబంధం. ఒక విషయానికి ఇంకో విషయంతో ఉన్న సంబంధాన్ని ఒక గుర్తుతో రాయడం గ్రంథాలయాల్లో అలా వేళ్ళూనుకుంది.

కొన్నేళ్ళకు మన దగ్గరే ఒకరు ఇంకా లోతుకు వెళ్ళారు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో లండన్‌లో చదువుకుంటున్నప్పుడు ఒక దుకాణంలో మెకానో బొమ్మల పెట్టె చూశారు. అవే ఇనుప బద్దలు, అవే మరలు. బిగించే తీరు మారితే కొత్త వస్తువు. పుస్తకం విషయాన్ని కూడా ఇలాగే విడి భాగాలుగా విడదీసి, కావలసినట్టు కలపవచ్చని ఆయనకు తోచింది. ఆ ఆలోచనే 1933లో కోలన్ వర్గీకరణగా అచ్చయింది. వస్తువు, చర్య, స్థలం, కాలం దేనికదే వేరుగా ఉంచి చివర్లో కలపాలన్న ఆయన పద్ధతి ఇవాళ వెబ్‌సైట్లు ‘ప్రాంతం’, ‘విషయం’, ‘వ్యక్తి’ అని వేరువేరు జాబితాలు పెట్టుకోవడంలో దాదాపు అదే రూపంలో నిలిచి ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళలో చాలామందికి ఆయన పేరు తెలియకపోవడం బాధ కలిగించే విషయం.

ఓట్లే కార్డుల గతి విషాదాంతమైంది. 1934లో ప్రభుత్వం ఆ కార్డులున్న సంస్థను మూయించింది. 1940లో జర్మన్ సేనలు బ్రస్సెల్స్‌ను ఆక్రమించాక ఆ గదుల్లో కళాప్రదర్శన పెట్టడానికి సామగ్రిలో కొంత నాశనం చేశారు. ఓట్లే 1944లో కన్నుమూశాడు. మిగిలిన కార్డులు ఇప్పుడు మోన్స్ పట్టణంలోని మ్యూజియంలో ఉన్నాయి.

ఓట్లే పని ఆగినా ఆ ఆలోచన ఆగలేదు. 1945లో అమెరికన్ ఇంజనీరు వనెవర్ బుష్ ‘మెమెక్స్’ అనే ఊహాయంత్రాన్ని వర్ణించాడు. చదివేవాడే పత్రాల మధ్య దారులు వేసుకుంటూ పోయే బల్ల అది, తయారు కాలేదు. 1965లో టెడ్ నెల్సన్ ఇలా లంకెలతో అల్లుకున్న రాతలకు ‘హైపర్‌టెక్స్ట్’ అన్న పేరు పెట్టాడు. 1989 మార్చిలో జెనీవా దగ్గరి పరిశోధనా సంస్థ సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌కు మూలమైన తన ప్రతిపాదన రాశాడు. ఆ పత్రంలో ఎక్కువమంది గమనించని భాగం ఒకటుంది. సమాచారాన్ని చెట్టుకొమ్మల్లా అమరిస్తే ఎందుకు చాలదో, కీలకపదాలతో వెతికితే ఎందుకు చాలదో అందులో వివరించాడు. ఇద్దరు మనుషులు ఒకే విషయానికి ఒకే పదం ఎంచుకోరన్నది కీలకపదాల మీద ఆయన అభ్యంతరం. అందుకే లంకెలే మేలన్నాడు.

కానీ వెబ్ లంకె ఒకవైపే పోతుంది. కొత్త పేజీ నుంచి పాతదానికి వేయవచ్చు. పాత పేజీకి మాత్రం తన వైపు ఎవరు చూస్తున్నారో తెలియదు. తెలియాలంటే ఒక మనిషి కూర్చుని పాత పేజీ తెరిచి, దిద్ది, మళ్ళీ ఎక్కించాలి. పదివేల పేజీల సైటులో ఆ పని ఎవరివల్ల అవుతుంది?

దారి డేటాబేస్ వైపు నుంచి దొరికింది. 1970లో శాన్ హోసేలోని ఐబీఎం పరిశోధనాలయంలో ఎడ్గార్ కాడ్ ఒక గణిత నమూనా ప్రచురించాడు. సమాచారాన్ని విడివిడి పట్టికల్లో ఉంచి, సంబంధాన్ని అడిగినప్పుడు మాత్రమే లెక్కగట్టాలన్నాడు. అంటే లంకెను ఎక్కడా రాసిపెట్టనక్కర లేదు. పేజీ తెరిచిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేస్తే చాలు.

ఇక బెల్జియంలో రెండో మలుపు. 2000లో ఆంట్‌వర్ప్ విశ్వవిద్యాలయ విద్యార్థి డ్రీస్ బౌటార్ట్, మిత్రుడు హాన్స్ స్నైడర్‌తో కలిసి హాస్టల్ భవనాల మధ్య వైర్‌లెస్ వంతెన కట్టాడు. ఒకే ఏడీఎస్ఎల్ కనెక్షన్‌ను ఎనిమిదిమంది పంచుకున్నారు. నెట్‌వర్క్ ఎలా ఉంది, రాత్రి భోజనం ఎక్కడ వంటి సంగతులు ఒకరికొకరు చెప్పుకోవడానికి డ్రీస్ ఒక చిన్న సైటు రాశాడు. చదువు ముగిశాక దాన్ని ఇంటర్నెట్‌లోకి తెచ్చాడు. 2001 జనవరిలో ఆ సైటు నడిపే ప్రోగ్రాం ‘డ్రూపల్’ పేరుతో అందరికీ ఉచితంగా విడుదలైంది. ఎనిమిదేళ్ళు దాటేసరికి, 2009 అక్టోబరులో, అమెరికా వైట్‌హౌస్ సైటు కూడా దాని మీదికి మారింది.

డ్రూపల్‌లో ప్రతి రచనా ఒక ‘నోడ్’. దానికో సంఖ్య ఉంటుంది. టాక్సానమీ అనే భాగంలో సైటు నడిపేవాళ్ళు పదాల జాబితాలు తయారు చేసుకుంటారు. ఆ పదాలకూ సంఖ్యలుంటాయి. అసలు కిటుకు మూడో పట్టికలో ఉంది. అందులో ముఖ్యంగా ఉండేవి జతలే: ఫలానా నోడ్ సంఖ్య, ఫలానా పదం సంఖ్య. మన వరద వ్యాసం సంఖ్య 412 అనుకుంటే, దాని పక్కన గోదావరి, భద్రాచలం, వరదలు అన్న మూడు పదాల సంఖ్యలతో మూడు వరుసలుంటాయి. పాఠకుడు పేజీ తెరవగానే డేటాబేస్‌కు ఒక ప్రశ్న వెళ్తుంది. 412తో జతకట్టిన పదాలేవి? ఆ పదాలతో జతకట్టిన మిగతా నోడ్‌లేవి? వాటిలో 412ను తీసేసి, కొత్తవి ముందు పెట్టి, ఐదింటిని పంపు. 2022 వార్త రాసినవారు దానికి ‘గోదావరి’ అన్న పదం తగిలించిన క్షణమే, ఆ పదమున్న పాత పేజీలన్నిటికీ అది చుట్టమైపోయింది.

మొదట్లో ఈ ప్రశ్నను ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ భాషలో చేత్తో రాయాల్సి వచ్చేది. ఎర్ల్ మైల్స్ అనే ప్రోగ్రామర్ తయారు చేసిన ‘వ్యూస్’ అనే డ్రూపల్ అనుబంధం ఆ కష్టం తీర్చింది. ఏ రకం రచనలు, ఏ వరుసలో, ఎన్ని అన్నవి తెర మీద ఎంచుకుంటే ప్రశ్నను అదే అల్లుకుంటుంది. ‘ఇప్పుడు తెరిచి ఉన్న పేజీ ఏది?’ అన్న సమాచారాన్ని చిరునామాలోంచి తీసుకుని వడకట్టే వీలు అందులో ఉంది. ఒకే పెట్టె సైటులోని ప్రతి పేజీ కిందా వేరువేరు జాబితా చూపడానికి కారణం అదే. ప్రోగ్రామింగ్ రాని పత్రికల వాళ్ళు, గ్రంథాలయాల వాళ్ళు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు తమ రచనలను తామే అమర్చుకునే స్వేచ్ఛ దీనివల్ల వచ్చింది. ఈ చరిత్రలో అందుకు దక్కాల్సిన గౌరవం పెద్దది. ఏళ్ళ తరబడి విడిగా దించుకోవాల్సిన వ్యూస్, 2015 నవంబరులో వచ్చిన డ్రూపల్ 8 నుంచి దాని మూలభాగంలోనే చేరింది.

చేసి చూసినవాళ్ళందరికీ మొదట ఎదురయ్యే తంటా ఒకటుంది. రెండు వ్యాసాలకు మూడు పదాలు ఉమ్మడిగా ఉంటే, జాబితాలో అదే వ్యాసం మూడుసార్లు వస్తుంది. మూడు జతలు కలిశాయి కాబట్టి మూడు వరుసలు. వాటిని ఒకటిగా చేసే మీట వ్యూస్‌లో ఉంది. అయితే ఆ మూడుసార్లు అన్నది పనికొచ్చే సమాచారమే. పోగులు చేసి లెక్కపెడితే ఎక్కువ పదాలు కలిసిన వ్యాసం పైకి వస్తుంది. తేదీ చూసి పేర్చడం కన్నా ఇది చాలా మేలు.

అన్ని పదాలకూ ఒకే బరువు ఉండకూడదని 1972లోనే కేంబ్రిడ్జిలో కారెన్ స్పార్క్ జోన్స్ చూపించింది. అన్ని రచనల్లోనూ ఉండే మాట పెద్దగా ఏమీ చెప్పదు, అరుదుగా కనిపించేదే ఎక్కువ చెబుతుంది. ‘గోదావరి’ కలిసిన వ్యాసాలు వందల్లో ఉంటాయి. శబరి వచ్చి గోదావరిలో కలిసే ‘కూనవరం’ కలిసినవి కొద్ది. ఆ కొద్దివాటి మధ్య బంధమే గట్టిది. కార్నెల్‌లో జెరార్డ్ సాల్టన్ బృందం రచనలను అంకెల వరుసలుగా మార్చి వాటి మధ్య దూరం కొలిచే పద్ధతిని పెంచింది. వర్డ్‌ప్రెస్ సైట్లలో వాడే వైఏఆర్‌పీపీ వంటి ప్లగిన్లు ఈ దారిలోనివే. పదాలు ఎవరూ తగిలించకపోయినా శీర్షికలనూ పాఠాన్నీ పోల్చి పోలికలు పట్టుకుంటాయి. ఆ లెక్కల బరువు సర్వర్ల మీద పడుతుంది.

తెలుగులో ఈ పోలిక పద్ధతికి గట్టి పరీక్షే ఎదురవుతుంది. గోదావరి, గోదావరిలో, గోదావరికి, గోదావరిపై అన్నవి మనకు ఒకటే నది. విభక్తి తెలియని యంత్రానికి నాలుగు వేరు మాటలు. ఇంగ్లీషు మాటల చివర్లు కత్తిరించడానికి మార్టిన్ పోర్టర్ 1980లోనే సూత్రాలు ప్రచురించాడు. ఒకదాని వెనక ఒకటి ప్రత్యయాలు చేరే మన భాషకు అంత చిన్న సూత్రాలు సరిపోవు. పదాలు తగిలించే పద్ధతికీ తిప్పలున్నాయి. ఒకరు రాజమండ్రి అంటారు, ఇంకొకరు రాజమహేంద్రవరం. ఒకరికి బెజవాడ, ఒకరికి విజయవాడ. బెర్నర్స్-లీ చెప్పిన ఇబ్బంది అచ్చంగా ఇదే. ఇంకా కనబడని చిక్కు పొల్లు దగ్గర ఉంది. ‘బ్లాగ్’ అని టైపు చేసినప్పుడు కొన్ని కీబోర్డులు చివర్లో వెడల్పు లేని అదృశ్య అక్షరం ఒకటి చేరుస్తాయి. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. అక్షరాలను యథాతథంగా పోల్చే ప్రోగ్రాముకు మాత్రం అవి రెండు పదాలు. దానితో ఒకే విషయం మీది వ్యాసాలు రెండు కుప్పలుగా చీలిపోతాయి. తెలుగు సైటు నడిపేవాళ్ళు కొత్త పదాన్ని చేత్తో టైపు చేయకుండా ఉన్న జాబితాలోంచే ఎంచుకోవాలని పట్టుబట్టడానికి ఇది తగిన కారణం. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసం అడుగున ‘వర్గం’ రాస్తే ఆ వర్గం జాబితాలో వ్యాసం తనంతట తానే చేరుతుంది. అక్కడా ఒకే విషయానికి రెండు పేర్లతో ఏర్పడిన వర్గాలను కలపడం స్వచ్ఛంద సంపాదకులు చేసే పనుల్లో ఒకటి.

వేగం కోసం చేసిన ఏర్పాటు పాత సమస్యను కొంతకాలం వెనక్కి తెచ్చింది. పేజీ తెరిచిన ప్రతిసారీ ప్రశ్న వేస్తే సర్వరు అలసిపోతుంది. కాబట్టి ఒకసారి తయారైన పేజీని దాచి, అదే అందరికీ ఇస్తారు. అప్పుడు కొత్త వార్త వచ్చినా దాచిన పేజీకి తెలియదు. డ్రూపల్ 8 దీనికి చక్కని ఉపాయం తెచ్చింది. దాచిన ప్రతి ముక్కకూ అది ఏ రచనల మీద, ఏ జాబితాల మీద ఆధారపడి తయారైందో చీటీలు అంటిస్తుంది. కొత్త వ్యాసం చేరగానే ఆ జాబితా చీటీ ఉన్న ముక్కలు మాత్రమే చెల్లకుండా పోయి మళ్ళీ తయారవుతాయి.

2013లో గూగుల్ పరిశోధకులు వర్డ్‌టువెక్ ప్రచురించాక పోలిక కొత్త దారి పట్టింది. మాటల సాంగత్యం నుంచి అర్థాన్ని అంకెలుగా నేర్చుకునే నమూనాలు వచ్చాయి. ఇప్పటి బహుభాషా నమూనాలు తెలుగు వ్యాసానికి ఇంగ్లీషు నివేదికతో ఉన్న పోలికను కూడా పట్టగలవు. ‘వరద’, ‘ముంపు’ ఒకే కోవలోవని ఎవరూ చెప్పకుండానే గ్రహిస్తాయి. అయినా ఒక పడవ ప్రమాదం వార్త కింద అదే రేవు నుంచి సాగే విహారయాత్ర వ్యాసం పెట్టకూడదని వాటికి తట్టదు. విషయం ఒకటే అయినా చదివే మనిషి స్థితి వేరు. అందుకే మంచి సైట్లలో సంపాదకులు ఒకటి రెండు వ్యాసాలను స్వయంగా ఎంచి పెట్టే గడి ఉంటుంది. మిగిలిన చోటునే ప్రశ్న నింపుతుంది.

సరిపోయే వ్యాసం ఒక్కటీ లేనప్పుడు ఏం చేయాలన్నది నిజాయితీకి సంబంధించిన సంగతి. చాలా సైట్లు ఆ చోటులో ఎక్కువమంది చూసిన వార్తలనో, డబ్బు తీసుకున్న ప్రకటనలనో అదే ‘సంబంధిత కథనాలు’ అన్న పేరు కింద నింపుతున్నాయి. నమ్మి నొక్కిన పాఠకుడికి అది అన్యాయం. వ్యూస్‌లో ఇందుకు ఒక చిన్న అమరిక ఉంది: ఫలితం ఖాళీగా ఉంటే పెట్టెనే చూపవద్దని చెప్పవచ్చు.