సేనాని వనము

మొన్న సాయంకాలము మా అమ్మాయి పటముల పుస్తకము ముందుంచుకొని డచ్చివారి దేశమందలి యూళ్ల పేళ్లు చదువుచు నొకచోట నాగిపోయెను. ఆ పేరునకు ముందు ఒంటరిగా నొక సకారపు పొల్లు గలదు. అచ్చుతప్పేమో యని నేననగా మా వారు నవ్వి నిఘంటువు తెచ్చి యిచ్చిరి.

ఊరి పేరు హెర్తోఖెన్‌బాస్. ముందరి సకారముతో గలిపి, హకారము లోపింపగా, 'సెర్తోఖెన్‌బాస్' అని యచటివారు పలుకుదురు. ఆ సకారము 'దెస్' అను పదమునకు మిగిలిన తోక. మన సంస్కృతమున 'తస్య' వంటిది, షష్ఠీవిభక్తి. నేటి డచ్చి వాడుకలో నీ విభక్తి చాలవరకు నశించినను ఊరిపేళ్లలో దాగికొని బ్రదికియున్నది. 'హెర్తోఖ్' అనగా డ్యూకు అను బిరుదు గల ప్రభువు. ఈ మాటను విడదీసినచో పూర్వార్ధము సేన, ఉత్తరార్ధము నడపువాడు. సేనను నడపువాడు సేనాని గదా! చిన్ననాడు అమరమున కుమారస్వామి పేళ్లలో వల్లించిన మాటకు సముద్రముల కావల నిట్టి తోబుట్టువు కనబడినపుడు నాకు గలిగిన సంతోష మింతింత గాదు. 'బాస్' అనగా అడవి. వెరసి సేనాని వనము.

బ్రబాంతు ప్రభువైన మొదటి హెన్రీ 1185 ప్రాంతమున నీ యూరికి పట్టణపు హక్కుల నొసగెను. ఫ్రెంచివారు పేరును తర్జుమా చేసికొని 'బ్వా ల దుక్' అనిరి. ఆ యడవి యెన్నడో పోయినది. అయినను జనులు వ్యవహారమున 'డెన్ బాస్' అనియే యందురు. అనగా 'ఆ యడవి' యని మాత్రమే. ప్రభువును విడిచిపెట్టి, లేని యడవిని నిలుపుకొనిరి!

1450 ప్రాంతమున నచట బుట్టి 1516లో గతించిన ప్రసిద్ధ చిత్రకారుని యింటిపేరు 'వాన్ ఆకెన్'. ఆఖెన్ అను జర్మను పట్టణమువారని దాని యర్థము. ఆయన తన చిత్రములపై ఆ పేరు వ్రాయక, తాను పెరిగిన యూరి పేరే చేర్చుకొని హీరోనిమస్ బాస్ అని సంతకము చేసెను.

మన యింటిపేళ్లలోను పెక్కు గ్రామముల పేళ్లే. పెండ్లినాడు నాకు వచ్చినదియు నట్టిదే. పదునాలుగేండ్లుగా ఆ పేరు వ్రాసికొనుచున్నాను గాని ఆ యూరు నేను చూచి యెరుగను. అత్తగారి నడిగితిని. ఆమెయు జూడలేదట. ఆమె యత్తగారు మాత్రము అచట నొక పెద్ద చెరువున్నదని చెప్పెడివారట.