దెబ్బలు తిన్న నాణేలు

మీలో నాణేలు సేకరించేవారు చాలామందే ఉంటారు. పాత నాణెం చేతికి రాగానే ఏం చేస్తారు? బొమ్మ స్పష్టంగా ఉందా, అక్షరాలు చదవడానికి వస్తున్నాయా అని చూస్తారు. రాజుగారి బుగ్గమీద ఎవరో కొట్టినట్టు ఒక గుంట, ఆ గుంటలో తెలియని గుర్తు ఏదో కనబడితే, "అయ్యో, పాడైపోయిందే!" అని పక్కన పెట్టేస్తారు. తొందరపడకండి. ఆ నాణెం గురించి మనకు ఎక్కువ సంగతులు చెప్పేది ఆ గుంటే కావచ్చు.

నాణేలు తయారయ్యే చోటును టంకశాల అంటారని మీకు తెలుసు. అక్కడ పడేది తొలి ముద్ర. నాణెం టంకశాల దాటి వచ్చాక, కొనమీద గుర్తు చెక్కిన గట్టి ఇనుప మేకును దానిపై ఆనించి, సుత్తితో కొట్టి మరో గుర్తు వేయవచ్చు. దీన్ని మనం 'మలిముద్ర' అని పిలుచుకుందాం. ఇలా ఎందుకు కొట్టేవారు?

నమ్మకం కోసం

స్పెయిన్ వారు తమ అమెరికా వలసల్లో తవ్వితీసిన వెండితో పెద్ద నాణేలు అచ్చువేశారు. వాటికి స్పానిష్ డాలర్లని పేరు. ఒక్కొక్కటి దాదాపు 27 గ్రాములు. ఐరోపా వర్తకులు తేయాకు, పట్టు కొనడానికి వీటిని ఓడలలో చైనాకు తీసుకువెళ్లేవారు. నాణెంమీద ఉన్న రాజు ఎవరైతే చైనా వర్తకుడికేం? అందులో ఉన్నది మంచి వెండేనా అన్నదే అతనికి కావాలి. అందుకని పరీక్షించి చూసి, తృప్తి కలిగాక తన గుర్తు కొట్టేవాడు. చేతులు మారినకొద్దీ గుర్తులు పెరిగేవి. కొన్ని నాణేలు దెబ్బలు తినీ తినీ గిన్నెల్లా వంగిపోయాయి! మన దేశంలోనూ షరాబులు వెండి రూపాయలమీద ఇలాంటి చిన్న గుర్తులు వేసేవారు.

దెబ్బ కొట్టడంలో మరో లాభం ఉంది. పైన వెండి పూత, లోపల రాగి ఉన్న దొంగ నాణెమైతే, మేకు లోతుగా దిగినచోట పూత చిట్లి ఎర్రటి రాగి బయటపడుతుంది.

ముద్రకే దొంగముద్ర

1797లో ఇంగ్లండులో వెండి నాణేలకు కొరత వచ్చింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన దగ్గరున్న స్పానిష్ డాలర్లనే బయటికి తీసి, స్పెయిన్ రాజు మెడమీద తమ మూడవ జార్జి రాజు తలను చిన్నగా, కోడిగుడ్డు ఆకారంలో కొట్టించి చలామణీకి వదిలింది. ఒకే నాణెంమీద ఇద్దరు రాజులు! అయితే ముద్ర ఉన్న డాలరు ఖరీదు, అందులోని వెండి ఖరీదుకంటే ఎక్కువ. ఇంకేం? కొందరు మామూలు డాలర్లు కొని దొంగముద్రలు వేసి లాభం తీశారు. 1804లో బ్యాంకు ఎనిమిది మూలల కొత్త ముద్ర తెచ్చింది. దానికీ దొంగముద్రలు పుట్టాయి. చివరికి అదే ఏడు, డాలరు మొత్తంమీద కొత్త బొమ్మ పడేలా యంత్రాలతో తిరిగి అచ్చువేయించవలసి వచ్చింది.

ఎవరు ముందు? ఎవరు వెనక?

ఇక మన శాతవాహనుల సంగతి చూద్దాం. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబి అనే ఊళ్లో 13,000కు పైగా వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అవన్నీ క్షహరాత వంశపు రాజు నహపానుడివి. కాని వాటిలో 9,000కు పైగా నాణేలమీద గౌతమీపుత్ర శాతకర్ణి ముద్రలు కూడా ఉన్నాయి. ఒకవైపు కమానుల కొండ, చుట్టూ అతని పేరు. రెండోవైపు నాలుగు వలయాలున్న 'ఉజ్జయిని గుర్తు'. వాటి అడుగున నహపానుడి ముఖం ఇంకా తొంగిచూస్తూనే ఉంటుంది.

ఇక్కడ కొంచెం ఆలోచించండి. పైన ఉన్న ముద్ర తరువాత పడినదే కావాలి కదా! అంటే నహపానుడి నాణేలు ముందే ఉన్నాయి. తరువాత అవి శాతకర్ణి చేతికి చిక్కాయి. నాసిక్ గుహలో శాతకర్ణి తల్లి గౌతమీ బాలశ్రీ చెక్కించిన శాసనం కూడా అతడు క్షహరాత వంశాన్ని నిర్మూలించాడని చెబుతున్నది. తల్లి కొడుకును పొగడటంలో వింత లేదు. కాని ఆ మాటకు వేల నాణేలు సాక్ష్యం పలుకుతున్నాయి. "పాడైన నాణేలు" అని వాటిని కరిగించి ఉంటే ఆ సాక్ష్యం మనకు దక్కేదా?

మీరే పరీక్షించండి

భూతద్దంతో మలిముద్ర అంచులు చూడండి. మేకు దిగినప్పుడు లోహం ఎక్కడికీ మాయమైపోదు, పక్కలకు జరుగుతుంది. అందుచేత గుంట చుట్టూ సన్నని గట్టు లేస్తుంది. సరిగా వెనకవైపున బొమ్మ కాస్త చదునవుతుంది. మూసలో పోతపోసిన నకలులో ఈ గట్టు మొద్దుబారి, అంచులు మెత్తగా కనబడతాయి.

తరువాత అరుగుదల గమనించండి. బొమ్మ బాగా అరిగి, ముద్ర తక్కువగా అరిగిందా? నాణెం చాలాకాలం చలామణీ అయ్యాకే ముద్ర పడిందన్నమాట. నాణెమంతా నల్లబడి, గుంట మాత్రం తళతళ మెరుస్తున్నదా? అనుమానించండి. అది నిన్నమొన్న కొట్టినది కావచ్చు.

నాణేన్ని చింతపండుతో తోమకండి. పులుపు మురికితోపాటు పాత పొరనూ తినేస్తుంది. ముద్ర వయసు చెప్పే ఆధారం పోతుంది. పలుచని కాగితం పరిచి, పెన్సిలుతో మెల్లగా రుద్ది ముద్ర నకలు తీసుకోండి. బరువు, వ్యాసం, దొరికిన చోటు నోటుపుస్తకంలో రాయండి. పొలంలోనో పునాదిలోనో పాత నాణేల కుండ బయటపడితే మాత్రం పంచుకోకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. ఒకేచోట దొరికిన నాణేలు ఒకేచోట ఉంటేనే వాటి కథ పూర్తిగా తెలుస్తుంది. జోగల్‌తెంబి నాణేలు తలా పిడికెడు పోయి ఉంటే, ఎన్నింటిమీద ముద్ర ఉందో, ఎన్నింటిమీద లేదో ఈనాడు ఎవరు లెక్క చెప్పగలరు?