బొంగురు గొంతు 3 వారాలు దాటిందా? సిగరెట్ తాగేవాళ్లు అస్సలు లైట్ తీసుకోవద్దు..!

"సిగరెట్ తాగేవాళ్ల గొంతు అలాగే ఉంటుందిలే.." బొంగురు గొంతు గురించి చాలా ఇళ్లలో వినిపించే మాట ఇది. ఆ నిర్లక్ష్యమే ఒక్కోసారి ప్రాణం మీదకు తెస్తుంది. పొగ చేసే నష్టాన్ని అందరికంటే ముందు చెప్పేది ఆ గొంతే మరి.

గొంతులో ఏం జరుగుతుంది?

మాట్లాడేటప్పుడు స్వరపేటికలోని రెండు స్వర తంత్రులు కంపిస్తాయి. మగవాళ్లలో సెకనుకు 100 సార్లకు పైగా, ఆడవాళ్లలో దాదాపు 200 సార్లు. అందుకు వాటి పైపొర మెత్తగా, తడిగా ఉండాలి. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే పొగంతా ఈ తంత్రుల మధ్య నుంచే పోతుంది. దాంతో ఆ పొర ఎండిపోయి, వాస్తుంది. ఏళ్ల తరబడి తాగితే పొర కింద జిగట ద్రవం చేరుతుంది. తంత్రులు బరువెక్కి, నెమ్మదిగా కదులుతాయి. గొంతు బండబారుతుంది. దీన్నే రీంకే ఎడిమా అంటారు. ఈ సమస్య ఉన్న మహిళలు ఫోన్లో మాట్లాడితే, అవతలివాళ్లు మగవాళ్లనుకుంటారు.

మరోవైపు నికోటిన్ వల్ల పొట్టలోని యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. అది గొంతు దాకా వస్తే మంట, పొడి దగ్గు తప్పవు.

అసలు ప్రమాదం ఇదీ..

స్వర తంత్రుల మీద క్యాన్సర్ మొదలైతే, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే గొంతు మారిపోతుంది. నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తొలి దశలో దొరికితే రేడియేషన్ లేదా లేజర్ చికిత్సతో ఎక్కువ మందికి నయమవుతుంది, మాట కూడా దక్కుతుంది. ముదిరితే స్వరపేటికనే తీసేయాల్సి రావచ్చు. అప్పుడు మెడ దగ్గర పెట్టిన రంధ్రం నుంచే ఊపిరి పీల్చుకోవాలి. పొగతో పాటు మందు అలవాటూ ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

* గొంతు బొంగురు 3 వారాలైనా తగ్గకపోతే
* ముద్ద మింగేటప్పుడు నొప్పి, తగ్గని చెవిపోటు ఉంటే
* మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం కనిపించినా

ఊపిరి ఆడటం కష్టమైతే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈఎన్‌టీ డాక్టర్ సన్నటి కెమెరాతో కొద్ది నిమిషాల్లోనే తంత్రులను చూసేస్తారు. మిరియాల పాలు, గొంతు బిళ్లలతో వారాలు గడిపేయొద్దు. సిగరెట్ మానేసి బీడీ పట్టుకున్నా లాభం లేదు, అదీ పొగే.

పొగ మానేస్తే వాపు తగ్గుతుంది, క్యాన్సర్ ముప్పు ఏళ్లు గడిచేకొద్దీ దిగుతుంది. మానాలనుకునేవాళ్లు 1800-11-2356 టోల్ ఫ్రీ నంబర్‌కు కాల్ చేయొచ్చు. సిగరెట్ ప్యాకెట్ మీద ఉండేది ఈ నంబరే.