తెడ్ల పడవపై అట్లాంటిక్ యాత్ర – నలుగురి ప్రాణాలు నిలిపిన సంకేత పరికరం

అగ్నిమాపక, సైనిక దళాల సిబ్బంది చిన్న పడవలపై మహాసముద్రాలను దాటే సాహసయాత్రలు తరచుగా విరాళాల సేకరణ నిమిత్తం జరుగుచుండును. బ్రిటన్‌లో అగ్నిమాపక సిబ్బంది సంక్షేమానికై 1943లో, యుద్ధకాలంలోనే, ఒక ధర్మనిధి ఏర్పడినది. అయితే ఇట్టి యాత్రలకు మరొక ముఖము కూడ కలదు. రక్షించుటయే వృత్తిగా గలవారు సైతం సముద్రముపై రక్షణకై ఎదురుచూడవలసి రావచ్చును. 2004 నాటి 'పింక్ లేడీ' ఉదంతం ఇందుకు నిదర్శనం.

డోర్సెట్ ప్రాంతానికి చెందిన అగ్నిమాపక ఉద్యోగి మార్క్ స్టబ్స్ నాయకత్వంలో నలుగురు 2004 జూన్ 30న కెనడాలోని సెయింట్ జాన్స్ నుండి తెడ్ల పడవపై ఇంగ్లాండుకు బయలుదేరిరి. 1896లో ఇద్దరు నార్వే జాతీయులు న్యూయార్క్ నుండి సిల్లీ దీవులకు 55 రోజులలో చేరి నెలకొల్పిన రికార్డును అధిగమించుట వారి లక్ష్యం. నూరేళ్లకు పైగా చెక్కుచెదరని రికార్డు అది!

ఆగస్టు 8 తెల్లవారుజామున, యాత్ర 39వ రోజున, 'అలెక్స్' తుపాను అవశేష గాలుల ధాటికి లేచిన కెరటం పడవను రెండు ముక్కలు చేసినది. గమ్యం అప్పటికి కొన్ని వందల మైళ్ల దూరంలో ఉన్నది. నలుగురూ ప్రాణరక్షక తెప్పపైకి చేరిరి. వారి అత్యవసర సంకేత పరికరం పంపిన సమాచారం ఉపగ్రహం ద్వారా ఫాల్మత్ తీరరక్షక కేంద్రానికి అందినది. నిమ్‌రాడ్ విమానం వారి జాడ కనుగొనగా, డెన్మార్క్ సరుకు నౌక ఒకటి వారిని చేర్చుకొన్నది. ఆపదలో ఉన్నవారికి సాయమందించుట సమీప నౌకల బాధ్యతయని అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒడంబడిక నిర్దేశించుచున్నది.

ఇట్టి పరికరాలు 406 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై సంకేతాలు వెలువరించును. కోస్పాస్-సార్సాట్ ఉపగ్రహ వ్యవస్థ వాటిని గ్రహించి, భూకేంద్రాల ద్వారా సహాయక బృందాలకు చేరవేయును. భారతదేశానికి సంబంధించిన నియంత్రణ కేంద్రం బెంగళూరులో కలదు. పరికరమును యజమాని పేరిట ముందుగానే నమోదు చేయించినచో, గల్లంతైన వారెవరో వెంటనే తెలియును. నమోదు లేనిచో అన్వేషణలో విలువైన సమయం వృథా అగును. తెలుగు తీరమున చేపలవేటకు వెళ్లువారికి సైతం ఇది వర్తించును. సముద్రంలో ఆపదకు గురైనవారి విషయమై భారత తీరరక్షక దళానికి 1554 నంబరుకు ఫోను చేసి తెలుపవచ్చును.