వార్తలో మొదటి వాక్యం, చివరి క్రియ

జరిగిన సంగతిని తెలియనివారికి తెలిసేలా, సందేహానికి తావు లేకుండా, వీలైనంత త్వరగా అందించే రచనను వార్త అంటారు. కథనూ వ్యాసాన్నీ పాఠకులు తీరిక చేసుకొని చదువుతారు. వార్తను మాత్రం బస్టాండులో నిలబడో, టీ తాగుతూనో, ఫోను తెరను వేలితో పైకి జరుపుతూనో చదువుతారు, ఏ వాక్యం దగ్గర విసుగు పుడితే అక్కడే ఆపేస్తారు. వార్తారచనకు పునాది అనదగిన నియమాలన్నీ ఈ ఒక్క వాస్తవం నుంచే పుట్టాయి. అయితే ఆ నియమాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు పత్రికల ద్వారా తెలుగుకు చేరాయి కాబట్టి, తెలుగు వాక్యం నడకకు తగినట్టు వాటిని మళ్లీ ఆలోచించుకోవలసిన పని ప్రతి తరం విలేకరులకూ మిగిలే ఉంటుంది.

ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అనే ఆరు ప్రశ్నలకు జవాబు చెప్పగలగడం వార్తకు తొలి అర్హత. తెలుగులో ఈ ఆరు మాటలూ ఎకార, ఏకారాలతోనే మొదలవుతాయి గనుక కొత్తగా కలం పట్టినవారికి తేలిగ్గా గుర్తుంటాయి. వాటికి ‘ఎంత’, ‘ఎందరు’ అన్నవి కూడా చేర్చుకుంటే తెలుగు పాఠకులు అడిగే ప్రశ్నలన్నీ దాదాపు వచ్చేసినట్టే. ఈ జవాబుల్లో అన్నిటికంటే ముఖ్యమైనదాన్ని మొదట చెప్పి, తక్కినవాటిని ప్రాధాన్య క్రమంలో కిందికి పేర్చుకుంటూ పోవడాన్ని ‘తలకిందుల పిరమిడ్’ పద్ధతి అనీ, ఆ మొదటి పేరాను ‘ఇంట్రో’ లేదా ‘లీడ్’ అనీ పత్రికా కార్యాలయాల్లో వ్యవహరిస్తారు. 19వ శతాబ్దిలో తంతి ద్వారా వార్తలు పంపడం అలవాటైన కాలంతో ఈ పద్ధతి పుట్టుకను ముడిపెట్టి చెప్పడం పరిపాటి. అది ఇన్నేళ్లు నిలవడానికి మాత్రం పేజీ కూర్పు కూడా ఒక కారణం: చోటు చాలనప్పుడు సబ్ ఎడిటర్ వార్తను కింది నుంచి కోసుకుంటూ వస్తారు, కీలకమైన సంగతి చివర ఉంటే ముందు పోయేది అదే.

ఈ సూత్రం వినడానికి ఎంత సులభమో పాటించడానికి అంత కష్టమని ఒక ఊహాజనిత ఉదాహరణతో గ్రహించవచ్చు. మండల విలేకరి నుంచి డెస్కుకు, అంటే వార్తలను సరిదిద్ది పేజీకెక్కించే విభాగానికి, ఇలాంటి ఐటమ్ ఒకటి వచ్చిందనుకోవచ్చు: ‘పంచాయతీ కార్యాలయంలో గురువారం సర్పంచ్ అధ్యక్షతన రైతుల సమావేశం జరిగింది. ఈ సందర్భంగా సర్పంచ్ మాట్లాడుతూ చెరువు కట్ట బలహీనంగా ఉందని పలుమార్లు అధికారుల దృష్టికి తీసుకెళ్లినా పట్టించుకోలేదని, బుధవారం రాత్రి కట్టకు గండి పడి 300 ఎకరాల్లో వరి నీట మునిగిందని, ప్రభుత్వం రైతులను ఆదుకోవాలని కోరారు. కార్యక్రమంలో ఉపసర్పంచ్, వార్డు సభ్యులు పాల్గొన్నారు.’ జిల్లా పేజీల్లో రోజూ కనిపించే మూస ఇది. ఊరి పంట మునిగిపోయిన సంగతి ఇందులో ఒక ఉపన్యాసం మధ్యలో, రెండు ‘అని’ల నడుమ ఇరుక్కుపోగా, మొదటి వాక్యం మాత్రం కుర్చీల్లో ఎవరు కూర్చున్నారో చెప్పడానికి ఖర్చయిపోయింది.

దీన్ని డెస్కులో ఇలా తిరగరాస్తారు: ‘చెరువు కట్టకు బుధవారం రాత్రి గండి పడి 300 ఎకరాల వరి నీట మునిగింది. కట్ట బలహీనపడిందని ముందే చెప్పినా అధికారులు పట్టించుకోలేదని సర్పంచ్ ఆరోపించారు.’ చదవడానికి ఇది హాయిగా ఉన్నా, ఇక్కడే పెద్ద పొరపాటు ఒకటి దొర్లింది. మొదటి ప్రతిలో 300 ఎకరాలన్నది సర్పంచ్ చెప్పిన అంకె కాగా, తిరగరాసిన ప్రతిలో అది పత్రిక స్వయంగా నిర్ధారించుకొని చెబుతున్న అంకెగా మారిపోయింది. శైలిని చక్కదిద్దే క్రమంలో ఒకరి మాట వాస్తవంగా రూపు మార్చుకోవడమన్నది వార్తారచనలో తరచూ జరిగే, బయటికి కనిపించని తప్పు. వ్యవసాయాధికారి అంచనా ఎంతో, నీటిపారుదల శాఖ ఇంజినీరు వివరణ ఏమిటో కనుక్కోకుండా ఆ వాక్యం అచ్చుకు వెళ్లకూడదు. పొలం గట్టు మీద నిలబడి అడగవలసిన ప్రశ్నలు ఇంకా ఉన్నాయి: పైరు పిలకల దశలో ఉందా, పొట్ట దశలో ఉందా; మునిగిన పొలాల్లో కౌలు రైతులవి ఎన్ని; పరిహారం జాబితాలో పట్టాదారు పేరుంటుందా, సాగు చేసినవారి పేరుంటుందా? ఈ జవాబులు ఫోనులో దొరకడం అరుదు. ఊరికి వెళ్లని విలేకరికి ఏ రచనాసూత్రమూ సాయపడదు.

ఇంట్రో రాయడంలో తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు వాక్య నిర్మాణంలో ఉంది. ఇంగ్లిషు వాక్యంలో కర్త వెంటనే క్రియ వచ్చి ఏం జరిగిందో ముందే తెలిసిపోతుంది. తెలుగులో క్రియ సాధారణంగా వాక్యం చివరికి గాని రాదు. ఆరు ప్రశ్నలకూ జవాబులను ఒకే వాక్యంలో కూరితే, పాఠకులు ఊరు, వారం, వేదిక, హోదా, పేరు అన్నీ మోసుకుంటూ చివరిదాకా నడిచిన తర్వాత గాని అసలు విషయం తెలియదు. అందువల్ల తెలుగు ఇంట్రోను రెండు మూడు చిన్న వాక్యాలుగా విరవడం మేలు. మొదటి వాక్యానికి రెండు జవాబులు, మహా అయితే మూడు చాలు. ఈ చిక్కుకు విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. ‘చెరువుకు గండి.. 300 ఎకరాలు నీటిపాలు’ అని క్రియ లేకుండానే శీర్షిక పెట్టగల వెసులుబాటు, ‘గండి పడి’ అనే అసమాపక క్రియతో, అంటే వాక్యాన్ని ముగించకుండా ముందుకు నడిపే క్రియతో, కారణాన్నీ ఫలితాన్నీ ఒక్క ఊపులో కలపగల సౌలభ్యం తెలుగు వాక్యానికి సహజంగా ఉన్నాయి.

అనువాదం వల్ల వచ్చిపడిన భాషను వదిలించుకోవడం నేర్చుకోవలసిన మరో ముఖ్యమైన పాఠం. జాతీయ, అంతర్జాతీయ వార్తలు పీటీఐ వంటి వార్తాసంస్థల నుంచి ప్రధానంగా ఇంగ్లిషులో వస్తాయి కాబట్టి, తెలుగు డెస్కులో పనిచేసేవారు పాత్రికేయులు మాత్రమే కాక అనువాదకులు కూడా. ‘మంత్రిచే భవనం ప్రారంభించబడింది’ వంటి వాక్యాలు ఆ తొందరలో పుడతాయి. ‘మంత్రి భవనాన్ని ప్రారంభించారు’ అంటే సరిపోతుంది. కర్మణి ప్రయోగం, అంటే చేసినవారిని వెనక్కి నెట్టి జరిగిన పనిని ముందుకు తెచ్చే వాక్యరీతి, చెవికి ఎబ్బెట్టుగా ఉండటంతో ఆగదు. బాధ్యులను కూడా దాచేస్తుంది. కర్మణి కాకపోయినా ‘లాఠీచార్జి జరిగింది’, ‘చెరువు ఆక్రమణకు గురైంది’ వంటి వాక్యాలు చేసే పని అదే. లాఠీలు ఎవరు ఎత్తారో, చెరువును ఎవరు ఆక్రమించారో విలేకరికి తెలిసీ రాయకపోతే అది భాషాదోషం కాదు, వార్తాదోషం.

పత్రికల్లో ఈనాటి తెలుగు ఊరికే స్థిరపడలేదు. 1902లో మచిలీపట్నంలో కృష్ణాపత్రిక, 1908లో బొంబాయిలో వారపత్రికగా ఆంధ్రపత్రిక వెలువడిన కాలానికి రాత భాష గ్రాంథికమో దానికి దగ్గరి రూపమో అయి ఉండగా, గిడుగు రామమూర్తి సాగించిన వ్యావహారిక భాషోద్యమం ఆ గోడను కదిలించింది. తాపీ ధర్మారావు ‘జనవాణి’ పత్రికను వాడుక భాషలో నడిపారు. ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి పత్రికలకు సంపాదకులుగా పనిచేసిన నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయంలో సూటిదనానికి పేరు తెచ్చారు. ఈనాడు పాత్రికేయ పాఠశాలకు సారథ్యం వహించిన బూదరాజు రాధాకృష్ణ కొత్త పాత్రికేయుల వాక్యంలోని ప్రతి అనవసరపు మాటనూ పట్టించుకున్నారు. వార్తను నేర్చుకోవడమంటే మొదట తెలుగును నేర్చుకోవడమేనని ఇంత పట్టుదలగా నమ్మిన గురువులు ఉండటం తెలుగు పత్రికారంగం చేసుకున్న అదృష్టమని చెప్పాలి.

ఆరు ప్రశ్నల్లో ‘ఎందుకు’ అన్నది తరచూ జవాబు లేకుండా మిగిలిపోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, నగరం మునగడానికి అదే కారణమని దూరప్రాంతాలవారు భావించడం సహజం. కానీ సింగ్‌నగర్ పరిసరాలను రోజుల తరబడి నీటిలో ఉంచింది ప్రధానంగా కృష్ణానది కాదు, గండ్లు పడిన బుడమేరు వాగు. ఈ తేడా చెప్పని వార్త చదివినవారికి నది మీద కోపం వస్తుంది గాని, వాగు కట్టల సంగతి అడగాలని తోచదు. అంకెల సంగతీ అంతే. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీరు; టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగుల నీరు. సుమారు 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజంతా సాగితే ఒక టీఎంసీ అవుతుందని ఒక్క వాక్యం జోడిస్తే, వరద వార్తల్లోని అంకెలు పాఠకుల లెక్కకు అందుతాయి. భద్రాచలం వద్ద గోదావరికి 43, 48, 53 అడుగుల మట్టాలను వరుసగా మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలుగా పాటిస్తారు. కాబట్టి ‘46 అడుగులకు చేరింది’ అని మాత్రమే రాయకుండా, రెండో హెచ్చరికకు ఇంకా రెండడుగుల దూరమే ఉందని చెబితే ఏటి ఒడ్డున ఉన్నవారికి సామాన్లు సర్దుకోవాలో వద్దో తెలుస్తుంది.

ఎవరు చెప్పారన్నది రాయడాన్ని ‘ఆపాదన’ అనవచ్చు. ‘అన్నారు’, ‘చెప్పారు’ అనే మాటలు తటస్థమైనవి. ‘ఉద్ఘాటించారు’ అంటే విలేకరి ఆ మాటకు బలం చేకూర్చినట్టు, ‘వెల్లడించారు’ అంటే అప్పటిదాకా దాగి ఉన్న నిజం బయటికి వచ్చిందని ఒప్పుకున్నట్టు, ‘బుకాయించారు’ అంటే అది అబద్ధమని తీర్పు చెప్పినట్టు. ఒకే మాట పదేపదే వస్తోందన్న మొహమాటంతో వీటిని మార్చి మార్చి వాడటం సరికాదు. ‘నిందితుడు’ అంటే నేరారోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి, ‘దోషి’ అంటే కోర్టు నేరాన్ని నిర్ధారించిన వ్యక్తి. అరెస్టయిన మర్నాడే ఒకరిని ‘కిరాతకుడు’ అని రాయడం విచారణ జరగకముందే శిక్ష వేయడం. కొన్ని హద్దులను చట్టమే గీసింది: అత్యాచార బాధితుల గుర్తింపును బయటపెట్టకూడదని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, లైంగిక నేరాలకు గురైన పిల్లల వివరాలు ప్రచురించకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతున్నాయి. పేరు రాయకుండా ఊరు, తండ్రి వృత్తి, చదివే బడి రాసినా గుర్తింపు బయటపడినట్టేనని డెస్కులో ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి.

రేడియో, టీవీ వార్తలకు ఈ నియమాలే వర్తించినా, అవి చెవికోసం రాసేవి కాబట్టి వాక్యం ఇంకా చిన్నదిగా, అంకె దగ్గరి పూర్ణసంఖ్యగా ఉండాలి. విన్నవారు వెనక్కి వెళ్లి మళ్లీ వినలేరు.

ఏది వార్త అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద గట్టి జవాబు ఇచ్చిన ఘట్టం 1992 నాటి సారా వ్యతిరేకోద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంటలో సాక్షరతా తరగతులకు వచ్చిన మహిళలు సారా దుకాణం మూయించడంతో రాజుకున్న ఉద్యమం ఊరూరా పాకి, 1993 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధానికి దారితీసింది. 1989లో ఈనాడు ప్రారంభించిన జిల్లా అనుబంధాల వంటివి అప్పటికే ఉండటం వల్ల, ఒక ఊరి ఆడవారు చేసిన పని పక్క మండలానికి తెల్లారేసరికి తెలిసేది. జిల్లా పేజీ రాజధాని పేజీ కంటే తక్కువదనుకునే కొత్త విలేకరులు ఈ చరిత్రను ముందు చదవాలి.

తెలుగు వార్త మోయవలసిన మరో బాధ్యత వాక్యం చివర ఉంది. ఇంగ్లిషులో ‘సెడ్’ అనే ఒక్క మాట మంత్రికీ కూలీకీ సరిపోతుంది. తెలుగులో రాసేవారు ప్రతి క్రియ చివరా ‘డు’, ‘ది’, ‘రు’లలో ఒకటి ఎంచుకోక తప్పదు, ఆ ఎంపికతోనే గౌరవాన్ని పంచుతారు. ఒకే రోజు పేజీలో విశ్రాంత అధికారి ‘కన్నుమూశారు’, లారీ డ్రైవరు ‘మృతి చెందాడు’, మిరప కోతకు వెళ్లిన కూలీ మహిళ ‘మృతి చెందింది’. తెలుగు వ్యాకరణంలో ఏకవచనంలో స్త్రీకీ, మనుషులు కానివాటికీ ప్రత్యయం ఒకటే కాబట్టి, పిడుగు పడి చనిపోయిన గేదెకు వాడే ‘ది’యే ఆ మహిళకూ దక్కుతోంది. రాసినవారికి చిన్నచూపు ఉండకపోవచ్చు, అలవాటు అలా నడిపిస్తుంది. కానీ పేపరులో తల్లి పేరు మొదటిసారి, బహుశా చివరిసారి చూసుకునే ఇంటివారికి ఆ ప్రత్యయం కనబడుతుంది. పత్రికలు తమ భాషా నియమావళిలో ఒక్క పంక్తి చేర్చి, వయోజనులైన మృతులందరికీ ‘మృతి చెందారు’ అనే రాయాలని నిర్ణయించుకోవాలి. ‘చెందాడు’కూ ‘చెందారు’కూ కాలమ్‌లో పట్టే చోటు ఒకటే.